తవుడు బేరం

పిస్కాటవే, న్యూజెర్సీ
సెప్టెంబరు 14

గౌరవనీయులైన తవిట అమ్మగారికి,

నా చేతిరాత బాగుండదు. ముందే మన్నించండి. మా ఊరి బడిలో ఐదు వరకే చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో ఇప్పటికీ సందేహమే. తప్పులుంటే మృదులమ్మ సర్దుకుని మీకు చదివి వినిపిస్తుందన్న ధైర్యంతో రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఇక్కడి పార్కులో మీ ఆట మొదలవుతుంటే లేచి నిలబడిన పంచె ముసలివాణ్ణి నేనే. మీకు అడ్డం రావాలని కాదు. మైకులో ఆ బాబు "తవిటా!" అని గట్టిగా పిలిచాడు. నా పేరు తవిటయ్య. నా భార్య పోయాక మా అమ్మాయి మల్లి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. అది నాన్నా అంటుంది, అల్లుడు ఫణి మామయ్యా అంటాడు. ఈ దేశంలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందుకని కాళ్లు వాటంతట అవే లేచాయి. నాకు కుడి చెవి పోయింది, ఎడమది పోతోంది. అయినా మనిషికి తన పేరు వినపడుతుంది.

మీరు స్టేజి మీంచి నన్ను చూసి ఏదో అడిగారు. అందరూ నవ్వారు. నేను సిగ్గుపడి కారు దగ్గరికి వెళ్లిపోయాను. మీ వెంట వచ్చిన నర్సు మృదులమ్మ పరిగెత్తుకొచ్చి, "అంకుల్, ఆవిడ పేరు తవిట. మీరేమైనా చుట్టమా అని అడుగుతున్నారు" అంది. మీ అడ్రసు రాసిచ్చింది.

మీ చేతిలో ఉన్నదాన్ని మీరు తప్పు అంటారట. మా వైపు అది డప్పు. తప్పు అంటే మాకు వేరే.

మీది గయానా దేశమని చెప్పారు. మా బొబ్బిలి వైపు తప్ప ఈ పేరు నేనెక్కడా వినలేదు. అంత దూరం ఎలా వచ్చింది? ఫోను నాకు పనికిరాదు. వీలైతే రెండు ముక్కలు రాయించండి.

ఇట్లు,
తవిటయ్య


రిచ్‌మండ్ హిల్, న్యూయార్క్
సెప్టెంబరు 29

నా పేరుగల పెద్దమనిషికి,

(అంకుల్, ఆవిడ ఇంగ్లీష్‌లో చెబుతుంటే నేను తెలుగులో రాస్తున్నాను. జోకులన్నీ ఆవిడవి, స్పెల్లింగ్ మిస్టేక్స్ అన్నీ నావి. విజయవాడలో టెన్త్ అయ్యాక తెలుగు రాయడం ఇదే. – మృదుల)

స్టేజి మీద నేనడిగింది చుట్టమా అని కాదు. "ఈయన నా మొగుళ్లలో ఒకడా, నేను మర్చిపోయానా?" అని. మృదుల మార్చి చెప్పింది. ఈ పిల్లకి మీకన్నా సిగ్గెక్కువ.

మా ముత్తవ్వ మీ వైపునుంచే చెరుకు తోటల కూలికి ఓడెక్కిందట. మా ఊరు బెర్బీస్ నది పక్కన. ఒకవైపు చెరుకు, ఒకవైపు వరి. నాన్న మారియమ్మ గుళ్లో తప్పు వాయించేవాడు. ఆడపిల్ల దాన్ని ముట్టకూడదు. నేను కిరసనాయిలు డబ్బా బోర్లించి నేర్చుకున్నాను. పంతొమ్మిదో ఏట ఇల్లు వదిలి జార్జ్‌టౌన్ పోయాను. రేడియో నాటకాల్లో ముసలమ్మల గొంతులన్నీ నావే. ఇప్పుడు నిజం ముసలమ్మనయ్యాక పడుచుపిల్ల గొంతు అడుగుతున్నారు!

తరవాత న్యూయార్క్. పగలు కుట్టుమిషన్, సాయంత్రం నాటకం. ఒక నాటకంలో నావి ఆరు వేషాలు. చివరి సీన్‌లో నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలి. బ్రూక్లిన్ కార్నివాల్‌కి నెమలి రెక్కల డ్రెస్సులు కుట్టాను, అవి వేసుకుని వీధంతా ఆడాను. మా బేస్‌మెంట్‌లో పిల్లలకి నేర్పాను. పాటలు కట్టాను. అన్నిటిలో ఒక్కటే నాకు పేరు తెచ్చింది: "నేనెవరి పిల్లనీ కాను". మా కరీబియన్‌వాళ్ల పెళ్లిలో అది వెయ్యకపోతే పెళ్లి అయినట్టు కాదు.

నా పేరుకి అర్థం మెరుపు. జార్జ్‌టౌన్ రేడియో మేనేజర్ పోస్టర్ మీద అలా వేయించాడు. అప్పట్నుంచి అందరికీ అదే చెబుతున్నాను. మీరు ఆ భాషవారు కదా, చెప్పండి. నిజంగా మెరుపేనా?

మీ
తవిట


పిస్కాటవే
అక్టోబరు 10

తవిట అమ్మగారికి,

ఉత్తరం అందింది. మొగుడి మాటకి మల్లి పడీపడీ నవ్వింది. నేను ఆ ముక్క దానికి చదివి వినిపించకుండా ఉండాల్సింది.

మెరుపు మంచి మాట. మీ ఆట చూసినవాళ్లెవరూ కాదనరు. పేర్ల అర్థాలు చదువుకున్నవాళ్లకి తెలియాలి. నేను గొర్రెలు కాసినవాణ్ణి.

ఇక్కడ ఆకులు ఎర్రబడ్డాయి. ఫణి వాటిని చూడ్డానికి కార్లో తీసుకెళ్లాడు. రాలిపోయేముందు అంత అందం ఎందుకో.

మీకు ముందు మీ అమ్మగారికి పుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఊరికే అడిగాను. చెప్పకపోయినా ఏమీ అనుకోను.

తవిటయ్య


రిచ్‌మండ్ హిల్
అక్టోబరు 30

తవిటయ్య గారికి,

మీరు ఊరికే అడగలేదు. అరవై ఏళ్లు నాటకాలాడినదాన్ని. ఎదుటివాడు డైలాగు మింగితే నాకు తెలిసిపోతుంది.

నాకు ముందు ఇద్దరు అన్నలు. ఒకడు పురిట్లోనే పోయాడు. ఒకడు పాకుతూ పాకుతూ జ్వరం తగిలి పోయాడు. తరవాత నేను. సరే, మీ ప్రశ్నకి జవాబిచ్చాను. ఇప్పుడు నా ప్రశ్న. ఇది ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు.

మా పక్కింట్లో రూత్ ఆంటీ ఉండేది. నల్లజాతి ఆవిడ, తొమ్మిదిమంది పిల్లల తల్లి. అందరూ గుండ్రాళ్లలా ఉండేవారు. ఒకరోజు వాళ్ల మేక మా బెండకాయ మొక్కలు తిన్నదని అమ్మకీ ఆవిడకీ గొడవైంది. నేను మధ్యలో దూరి నాలుగు మాటలన్నాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "నోర్ముయ్ పిల్లా! నిన్ను మీ అమ్మ దగ్గర సొరబుర్రెడు బియ్యపు పొట్టుకి కొనుక్కున్నది నేను. నా పిల్లవి నువ్వు, నా మీదికే వస్తావా?" అంది.

వీధంతా విన్నది. నేను అమ్మవైపు తిరిగాను. "అమ్మా, నన్ను అమ్మేశావా?"

అమ్మ తల దించుకుని, "అవును. అమ్మేశాను" అంది.

"నేను నీ పిల్లని కానా?"

అమ్మ లోపలికి పోయి అన్నం వార్చింది.

నెల తిరక్కుండా వెళ్లిపోయాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ పాట అక్కడ పుట్టింది. జనం అది తమాషా పాట అనుకుంటారు.

తవిటయ్య గారూ, నా పేరులో ఏముంది? అమ్మ నన్నెందుకు అమ్మింది? మెరుపు అని మాత్రం రాయకండి.

తవిట

(అంకుల్, ఇది ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను. హార్ట్ వాల్వ్ బాగా పాడైంది, ఫిబ్రవరిలో ఆపరేషన్. డెబ్భై తొమ్మిదేళ్ల వయసులో రిస్క్ అని డాక్టర్ చెప్పేశారు. మీకు తెలిసుంటే దాచకండి, ప్లీజ్. – మృదుల)


పిస్కాటవే
నవంబరు 8

అమ్మా తవిటా,

ఈ ఉత్తరం రాసి చించాను, మళ్లీ రాశాను. పెద్ద మాటలు నాకు రావు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

తవుడు అంటే బియ్యం దంచినప్పుడు రాలే పొడి. రూత్ గారు పొట్టు అన్నది దాన్నే. పశువులకి పెడతాం. మీ పేరు అందులోంచి వచ్చింది. నాదీ అంతే.

మా వైపు ఏ ఇంట్లోనైనా పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, ఆ తరవాత పుట్టిన బిడ్డని తల్లి చేటలో పడుకోబెట్టి పొరుగింటికి తీసుకెళుతుంది. కులం చూడరు. పిల్లలు నిలిచిన ఇల్లా కాదా అనే చూస్తారు. ఆ ఇంటావిడ బిడ్డని ఎత్తుకుని చేటలో తవుడు పోస్తుంది. బేరం అయిపోయింది. ఇక బిడ్డ ఆవిడది. అప్పుడు ఆవిడే, "నా బిడ్డని పెంచిపెట్టు" అని తల్లికి అప్పగిస్తుంది. చావుకి ఆ తల్లి బిడ్డలు కావాలి. వచ్చి చూస్తే అక్కడున్నది పరాయి బిడ్డ, అదీ తవుడు ఖరీదు చేసే బిడ్డ. ఏం చేసుకోవాలని వెళ్లిపోతుంది. అందుకే తవిటయ్య, తవిటమ్మ అని పేరు పెడతారు. చావు మర్చిపోకుండా.

ఇందులో ఒక కట్టు ఉంది. తల్లి ఎన్నడూ నోటితో నా బిడ్డ అనకూడదు. ఎవరడిగినా, ఆ బిడ్డే అడిగినా, అమ్మేశాననే చెప్పాలి. కాదు నా బిడ్డే అని ఒక్కసారి అన్నా చావు వింటుంది.

మా అమ్మ నన్ను ఎవరికి చూపించినా, "ఈడు నా కొడుకు కాదమ్మా. సూరమ్మోలి గుంటడు. తవుడుకి అమ్మీసినాను" అనేది. నేను పక్కనే నిలబడి నవ్వేవాణ్ణి. ఎందుకంటే మా వీధిలో నలుగురు తవిటయ్యలం ఉండేవాళ్లం. ఊరే నాకు చెప్పింది. మీ ఊళ్లో మీరొక్కరే. మీకు చెప్పేవాళ్లు లేకపోయారు.

మీ అమ్మగారు అవునన్నారు. ఆ మాటకి మీరు వెళ్లిపోతారని ఆవిడకి తెలుసో లేదో. తెలిసినా అవుననే అని ఉంటారు. వెళ్లిపోయిన బిడ్డ ఎక్కడో ఒకచోట బతికి ఉంటుంది.

తవిటయ్య


పిస్కాటవే
డిసెంబరు 15

అమ్మా,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. పోస్టు బండి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళుతున్నాను. ఫణి చూసి, "మామయ్యా, మీకేమైనా ప్యాకేజీ రావాలా?" అని అడిగాడు. లేదన్నాను.

రాయకుండా ఉండాల్సిందేమో. మెరుపు మెరుపుగానే ఉండాల్సిందేమో. మీ ఆరోగ్యం ఎలా ఉందో మృదులమ్మ అయినా ఒక ముక్క రాస్తే చాలు.

తవిటయ్య


రిచ్‌మండ్ హిల్
జనవరి 6

తవిటయ్య గారికి,

నాకు మీ మీద కోపం లేదు. గొంతు రాలేదు, అంతే. గొంతు లేని పాటగత్తె ఎవరితో మాట్లాడుతుంది?

మృదుల మీ ఉత్తరం చదువుతుంటే చేటలో తవుడు పోసే చోట ఆపమన్నాను. నా ప్రతి పుట్టినరోజుకీ రూత్ ఆంటీ కంచె దగ్గరికొచ్చి, "అచ్చమ్మా, నా పిల్ల ఎలా ఉంది?" అనేది. అమ్మ, "నీ పిల్లకి తిండెక్కువ, పని తక్కువ" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. గొడవ జరిగాక ఆ నవ్వులన్నీ గుర్తుచేసుకుని ఒక్కొక్కదాన్నీ అసహ్యించుకున్నాను.

నేను వెళ్లిపోయిన రోజు అమ్మ గేటు దాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను. సిగ్గు లేదూ, అమ్మినదానివి ఏడుస్తావా అనుకున్నాను. ఏడుపు కాదు, తవిటయ్య గారూ. మాట ఆపుకుంది.

అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చినప్పుడు మేకప్‌లో ఉన్నాను. ఆ మేకప్‌తోనే స్టేజి ఎక్కి "నేనెవరి పిల్లనీ కాను" పాడాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. అంత అబద్ధమూ ఎప్పుడూ పాడలేదు.

మృదులా, కన్నీళ్లు కాగితం మీద పడనీయకు, ఆయనకి కనపడదు. (ఈ ముక్క కూడా రాయమన్నారు అంకుల్.)

ఇప్పుడు అసలు విషయం. వచ్చే నెల నా గుండె తెరుస్తారు. మృదుల మీకెప్పుడో చెప్పేసిందని తెలుసు. దీని మొహంలో రహస్యం ఐదు నిమిషాలు నిలవదు. నాకు భయంగా ఉంది. స్టేజి ఎక్కేముందు కూడా ఇంత భయపడలేదు. అమ్మ లేదు, రూత్ ఆంటీ లేదు. నేను ఎవరి లెక్కలో ఉన్నానో చావుకి తెలియాలి కదా. మీరు నన్ను కొంటారా? అమ్మ వేషం మృదుల వేస్తుంది. నేనే నేర్పుతాను. కాస్త అతిగా నటిస్తుంది కానీ, పర్వాలేదు.

తవిట


పిస్కాటవే
జనవరి 25

తల్లీ తవిటా,

కొన్నాక మీరు అనకూడదు. అందుకని నువ్వు అని రాస్తున్నాను. నాకన్నా ఐదేళ్లు పెద్ద కూతురివి.

ఇక్కడ తవుడు దొరకడం కష్టమైంది. ఇండియన్ షాపులో అమ్మాయి, "రైస్ బ్రాన్ ఆయిల్ ఉంది అంకుల్, ఆఫర్‌లో ఉంది" అంది. ఫణి ఇంకో షాపులో ఒక డబ్బా చూపించి, "మామయ్యా, ఇది ఓట్స్ తవుడు. చాలదా?" అన్నాడు. ఓట్స్ తవుడు చావుకి అర్థమవుతుందో లేదో, వద్దన్నాను. చివరికి ఊరి బయట గుర్రాల దాణా అమ్మే కొట్టు ఉందని కనుక్కుని తీసుకెళ్లాడు. కొట్టాయన, "మీకు గుర్రాలెన్ని?" అని అడిగాడట. ఫణి, "ఒక్కటే. డెబ్భై తొమ్మిదేళ్లది. డాన్స్ చేస్తుంది" అన్నాడట. నీ మీద పరాచికమాడాడు. నీకు మరిది వరస అవుతాడు, ఏమనకు.

పెద్ద బస్తా ఇచ్చారు. గరాజులో పెట్టాం. కంపు అంటోంది మల్లి. నాకు మాత్రం అసలైన వాసన. అప్పుడప్పుడూ వెళ్లి అక్కడ నిలబడుతున్నాను.

నేనే తెద్దామనుకున్నాను. దగ్గు పట్టుకుంది. ఆపరేషన్ మనిషి దగ్గరికి దగ్గుతో వెళ్లకూడదని మల్లి ఆపింది. అందుకని పోస్టులో పంపుతున్నాను. మృదులమ్మ రెండు చేతులూ చాపి పుచ్చుకోవాలి. అమ్మేశాను అనాలి. నవ్వకూడదు. తవుడు మృదులమ్మ దగ్గరే ఉండాలి.

అంతే. ఇక నువ్వు నా బిడ్డవి. అచ్చమ్మ గారికీ నీకూ ఏ సంబంధమూ లేదు. చావు అడిగితే అలాగే చెబుతాను.

మీ నాన్న,
తవిటయ్య


రిచ్‌మండ్ హిల్
ఫిబ్రవరి 19

అంకుల్,

ఈ ఉత్తరం ఎవరూ చెప్పకుండా నేను సొంతంగా రాస్తున్నాను. అందుకే మీకు అర్థమైపోయి ఉంటుంది.

మల్లి అక్కకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. కానీ మీకు ఉత్తరంలోనే చెప్పాలనిపించింది. ఆవిడ పోయారు, అంకుల్. పదిహేనో తేదీన.

మీ పార్సిల్ టైమ్‌కి వచ్చింది. అడ్మిషన్ రోజు హాస్పిటల్ రూమ్‌లోనే బేరం చేశాం. నన్ను నాలుగుసార్లు రిహార్సల్ చేయించారు. "అలా కాదు మృదులా, గుండె పగిలిపోతున్నా పైకి ఏమీ లేనట్టు అనాలి" అన్నారు. నేను అమ్మేశాను అన్నాను. నవ్వలేదు అంకుల్. నవ్వు రాలేదు. ఆవిడ కళ్లు మూసుకుని, "థాంక్యూ అమ్మా" అన్నారు. నాతో కాదు, వాళ్లమ్మతో.

అడ్మిషన్ కౌంటర్‌లో దగ్గరి బంధువు ఎవరని అడిగితే ఎప్పుడూ ఎవరూ లేరనే ఆవిడ, ఈసారి మీ పేరు, వయసు చెప్పి తండ్రి అన్నారు. ఆ అమ్మాయి, "మీకన్నా చిన్నవారు తండ్రి ఎలా అవుతారు? కంప్యూటర్ తీసుకోదు" అంది. "నీ కంప్యూటర్‌కి తవుడు సంగతి తెలియదులే" అన్నారు.

థియేటర్‌లోకి తీసుకెళ్తుంటే ఆ పాట పాడారు. చివరి లైన్ మార్చేశారు. "నేనెవరి పిల్లనో నాకు తెలుసు" అని. స్ట్రెచర్ తోసే అబ్బాయి గయానావాడే. "మేడమ్, పాట తప్పు పాడుతున్నారు" అన్నాడు. "ఇన్నాళ్లూ తప్పు పాడాను బాబూ" అన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం నేను కిందికి వెళ్లి కాఫీ తెచ్చుకునేలోగా అయిపోయింది. దహనం అయింది. అస్థికలు బెర్బీస్ నదిలో కలపమని ముందే చెప్పి పెట్టారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లలు మార్చి రెండో వారంలో తీసుకెళ్తున్నారు.

తవుడు నా దగ్గరే ఉంది. హాస్పిటల్ గ్లవ్‌లో పోసి ముడివేసి ఉంచాను. ఏం చేయాలో తెలియట్లేదు. మనం తప్పు చేశామా అంకుల్? సరిగ్గా అనలేదా నేను?

మృదుల


పిస్కాటవే
ఫిబ్రవరి 26

మృదులమ్మా,

ఈసారి రాత మరీ బాగుండదు.

నువ్వు సరిగ్గానే అన్నావు. తవుడు పని చేయలేదనుకోకు. వాళ్లమ్మ చేసిన బేరం డెబ్భై తొమ్మిదేళ్లు నిలిచింది. నేను చేసింది మూడు రోజులే నిలిచింది. తల్లి చేసిన దానికీ నేను చేసిన దానికీ అంత తేడా ఉంటుంది మరి.

కొన్నవాణ్ణి నేను కాబట్టి మైల నాది. పదో రోజున తలమీద నీళ్లు పోసుకున్నాను. దేనికి నాన్నా అంది మల్లి. చెప్పాను. అది "అయితే నాకు అక్క కదా" అని తనూ వెళ్లి తలస్నానం చేసి వచ్చింది. ఫణి గరాజులో బస్తా ఒక్కడే మోసుకెళ్లి ఆ దాణా కొట్టాయనకి తిరిగిచ్చాడు. గుర్రం ఏమైందని ఆయన అడిగాడట. ఫణి ఏం చెప్పాడో నేను అడగలేదు.

ఇప్పుడు నువ్వొక పని చెయ్యాలి. బేరం వదులుకోవాలంటే మా వైపు ఒకటే దారి. తల్లి ఆ తవుడు తిరిగి ఇచ్చేయాలి, కొన్నవాడు పుచ్చుకోవాలి. అది నా చేతికి రాగానే బిడ్డ నాది కాదు, వాళ్లమ్మది. రూత్ గారి తవుడు ఎప్పుడో కోళ్లు తినేసి ఉంటాయి. కడపటి బేరం నాదే కాబట్టి ఇది చాలు.

వదులుకోవాలని నాకు లేదు. ఒక్క నెల కూడా కాలేదు ఆ బిడ్డ నాదై. కానీ అచ్చమ్మ గారు అన్నేళ్లుగా నోరు కట్టుకుని ఉన్నారు. ఇక భయం లేదు. ఏ చావు వినకూడదో అది వచ్చి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆవిడ నా బిడ్డ అని గట్టిగా అనొచ్చు.

అస్థికలు ఆ నీళ్లలో కలిసేలోగా తవుడు నా దగ్గరికి రావాలి. గ్లవ్ ముడి విప్పకు, అలాగే కవర్లో పెట్టి పంపు. పంపానని ఒక ముక్క రాయి. ఆలస్యం చెయ్యకమ్మా. వెంటనే రాయి.

తవిటయ్య